బండిలోని నిప్పు - బండివాని బాధ్యత

గత కొన్ని వారములుగా మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఒకే ప్రశ్నను వేరువేరు మాటలలో అడుగుచున్నారు. "మా బండిని కంపెనీవారు వెనుకకు పిలిచినారట. ఇంజనులో నిప్పు పుట్టునని చెప్పుచున్నారు. ఇంటి ముంగిట నిలుపవచ్చునా? పిల్లలను బడికి దింపవచ్చునా? ఎవరికైనను తెలియకముందే అమ్మివేయుట మేలా?" ఈ ప్రశ్నలలో మొదటి రెండును భయము వలన పుట్టినవి. మూడవది భయము కంటె అపాయకరమైనది. ఈ వారము మూడింటిని గూర్చియు ఉన్నదున్నట్లు వ్రాయ సంకల్పించితిమి.

మన వారిలో బండి లేని కుటుంబము నేడు అరుదు. హోసూరు చుట్టుపట్ల కూరగాయలు, గులాబీలు బెంగుళూరు మండీకి చేరవేయువారు, బళ్లారిలో లారీలు నడుపువారు, బ్రహ్మపురములో బట్టల మూటలు వేసికొని సంతలకు పోవువారు, షోలాపురములో మగ్గపు సరకు తెచ్చువారు, యానాములో ఆటోలు త్రిప్పువారు, వీరందరకును బండియే ఎద్దు, బండియే పొలము. తాతల నాడు ఎద్దు జబ్బుపడిన ఇంటిల్లిపాదియు నిద్రపోయెడివారు కారు. నేడు ఇంజను మూల్గినను మనము రేడియో శబ్దము పెంచి ముందుకు పోవుచున్నాము. మార్పు బండిలో వచ్చినంతగా మన శ్రద్ధలో రాలేదు.

ముందుగా మా యింటి కథ చెప్పెదము. ఇతరులకు నీతులు చెప్పుటకు ముందు మన తప్పు మనము ఒప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట సరకు రవాణా కొరకు ఒక చిన్న వ్యానును వేరొక ఊరి వర్తకుని వద్ద పాతబండిగా కొంటిమి. నాలుగు నెలలు బాగుగనే నడచినది. పిమ్మట తెల్లవారుజామున బండి తీయునప్పుడెల్ల పెట్రోలు వాసన వచ్చుచున్నదని డ్రైవరు చెప్పెను. "మేస్త్రీకి చూపింతములే" అని వారము, మరల వారము గడిపితిమి. ఒకనాడు సరకుతో పోవుచుండగా టోలుగేటుకు కొంత దూరములో బానెట్టు క్రిందినుండి పొగ లేచినది. డ్రైవరు తెలివిగలవాడు. ఇంజను ఆపి, క్లీనరు కుర్రవానిని చేయిపట్టి క్రిందికి లాగి, దూరముగా పరుగెత్తెను. పది నిమిషములలో ముందుభాగము మాడి బొగ్గయ్యెను. మనుష్యులు దక్కిరి. అదియే మా పెద్దల పుణ్యము.

తరువాత షోరూమునకు పోయి చాసిస్ నంబరు చూపగా, ఆ బండి పెట్రోలు గొట్టమును ఉచితముగా మార్చియిత్తుమని కంపెనీవారు ఎనిమిది నెలల క్రిందటనే ప్రకటించియున్నట్లు తెలిసినది. ఉత్తరము మొదటి యజమాని చిరునామాకు పోయినది. ఆయన దానిని ఏదో అమ్మకపు ప్రకటన యనుకొని ప్రక్కన పడవైచెను. ఆ ఉత్తరము ఆంగ్లములో ఉన్నది. మాకే చేరియున్నను, మెట్రిక్యులేషను వరకు చదివిన మేము దానిలోని సాంకేతిక పదములను రెండుమార్లు చదివి గాని గ్రహింపలేకపోయెడివారము. మా డ్రైవరు సంగతి చెప్పనక్కర లేదు. తప్పెవరిది? కంపెనీది కొంత, మొదటి యజమానిది కొంత, వాసన వచ్చుచున్నదని తెలిసియు ఊరకున్న మాది అంతకంటె ఎక్కువ.

బండిని వెనుకకు పిలుచుట, అనగా రీకాల్, అను మాట వినగానే మన వారు ఆ కంపెనీ దివాలా తీసినదనియో, ఆ బండ్లన్నియు రేపు అంటుకొనుననియో తలచుచున్నారు. రెండును సరికావు. తయారీలో ఒక భాగము చెడినదని గాని, చెడు అవకాశమున్నదని గాని తెలిసినప్పుడు, ఆ దినములలో తయారైన బండ్లన్నింటిని పిలిపించి చూచి, అవసరమైన వానిలో ఆ భాగమును ఉచితముగా మార్చుటయే రీకాల్. లక్ష బండ్లను పిలిచిరనిన లక్ష బండ్లును చెడినవని అర్థము కాదు. చెడినవి ఏవియో బయటినుండి తెలియదు గనుక అన్నింటిని చూడవలెనని అర్థము. అట్లని "నాది బాగుగనే యున్నది" అని ఇంట కూర్చుండుటయు తగదు. ఏది చెడినదో తెలియనప్పుడు మీది బాగుగనున్నదని మీకెట్లు తెలియును?

ఇంజనులో నిప్పు ఎట్లు పుట్టును? మూడు దారులు ముఖ్యమైనవి. మొదటిది, పెట్రోలు గొట్టమో దాని అతుకో చిట్లి, ఆవిరి కాగిన పొగగొట్టమును తాకుట. రెండవది, విద్యుత్తు తీగ ఇనుపరేకుకు రాచుకొని పైతొడుగు చిరిగి, నిప్పురవ్వ లేచుట. మూడవది, ఇంజను లోపల నూనె ప్రసారము చెడి, కడ్డీలు అరిగి, విరిగిన ముక్క ఇంజను గోడను చీల్చగా, కాగిన నూనె బయటికి చిమ్ముట. అమెరికాలో 2015లో హ్యుండాయ్ కంపెనీ సుమారు 4,70,000 సొనాటా కార్లను పిలిపించినది ఈ మూడవదానికి సంబంధించిన లోపము చేతనే. క్రాంక్ షాఫ్టును చెక్కునప్పుడు మిగిలిన లోహపు రజను నూనె దారులలో చేరి బేరింగులను అరుగగొట్టుచుండెను. 2017లో ఆ పిలుపు హ్యుండాయ్, కియా కంపెనీలవి కలిపి మరి సుమారు 12 లక్షల కార్లకు విస్తరించినది. ఆలస్యముగా పిలిచినారని 2020 నవంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆ రెండు కంపెనీలపై మొత్తము 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందమును విధించినది. 2023 సెప్టెంబరులో బ్రేకు యంత్రభాగములో ద్రవము కారి నిప్పు పుట్టవచ్చునని 33 లక్షలకు పైగా కార్లను మరల పిలిచి, మరమ్మత్తగువరకు ఇండ్లకు దూరముగా ఆరుబయట నిలుపుడని యజమానులకు చెప్పిరి. మన పిల్లలు పలువురు ఆ దేశములో ఉన్నారు. వారికి ఈ సంగతులు తెలిసినవో లేదో ఫోను చేసి అడుగుట తల్లిదండ్రుల పని.

2018లో దక్షిణ కొరియాలో జరిగినది ఇంకను గుణపాఠము చెప్పునది. అచ్చట బి.ఎం.డబ్ల్యూ. డీజిలు కార్లు రోడ్లపై వరుసగా అంటుకొనజొచ్చినవి. ఇంజను విడుచు పొగలో కొంత భాగమును చల్లార్చి మరల లోనికి పంపు పరికరములో చల్లార్చు ద్రవము కారి, మసితో కలిసి గట్టిపడి, వేడిపొగ తగిలి అంటుకొనుచుండెను. కంపెనీ లక్షకు పైగా కార్లను పిలిచినది. ఆగస్టు నెలలో, పరీక్ష చేయించుకొనని సుమారు 20,000 కార్లు రోడ్డెక్కరాదని ప్రభుత్వమే ఆజ్ఞాపించినది. కొన్ని భవనముల వారు తమ నేలమాళిగ షెడ్లలో ఆ కార్లను నిలుపనీయమని బోర్డులు కట్టిరి. నిన్నటివరకు గౌరవచిహ్నముగా నున్న కారు ఒక నెలలో వెలివేయబడినది. ఆ యజమానులు చేసిన తప్పేమి? ఏమియు లేదు. చివరకు ఆ డిసెంబరులో విచారణ సంఘము, కంపెనీ లోపమును ముందుగనే యెరిగి ఆలస్యము చేసినదని తేల్చగా, ప్రభుత్వము జరిమానా విధించినది. దాచిన లోపమునకు వెల చెల్లించునది ముందుగా దాచినవాడు కాడు, నమ్మి కొన్నవాడు.

మన దేశమునకు వత్తము. 2012 నుండి ఇచ్చటి ఉత్పత్తిదారుల సంఘము తమంతట తాము పాటించు నియమావళి నొకదానిని ఏర్పరచుకొన్నది. అది మంచిదే గాని కొరడా లేని నియమము. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110ఏ అను సెక్షను చేర్చిరి. లోపము వలన ప్రయాణికులకో, దారిన పోవువారికో, పరిసరములకో హాని కలుగునని తేలినచో బండ్లను పిలిపింపుమని కేంద్ర ప్రభుత్వము కంపెనీని ఆజ్ఞాపింపవచ్చును. కంపెనీ బండిని మరమ్మత్తు చేయవలెను, లేదా వేరొకటి ఈయవలెను, లేదా పూర్తి వెల తిరిగి ఈయవలెను. దీనికి సంబంధించిన నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఆజ్ఞాపించి పిలిపింపవలసి వచ్చినచో జరిమానా కోటి రూపాయల వరకు ఉండవచ్చును. బండ్ల యజమానులు తమ ఫిర్యాదులను ప్రభుత్వపు వాహన్ వెబ్‌సైటులో నమోదు చేయవచ్చును. ఏటేట అమ్ముడుపోయిన బండ్ల సంఖ్యను బట్టి, ఇన్ని ఫిర్యాదులు వచ్చినచో విచారింపవలెనను లెక్కయు కలదు.

ఈ లెక్కలో మనము గ్రహింపవలసిన మర్మ మొకటి కలదు. ఫిర్యాదు చేయని వాని బండి ఆ లెక్కలోనికి రాదు. మన వారు బండిలో పొగ వచ్చిన మేస్త్రీకి చెప్పుదురు, బావమరదికి చెప్పుదురు, టీ దుకాణములో పదిమందికి చెప్పుదురు. చెప్పవలసిన చోట మాత్రము చెప్పరు. భాష రాదను సంకోచము కొందరిది. ఆ సంకోచమునకు కారణము లేదు. తన బాధను ప్రభుత్వాధికారికి దేశములో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ప్రతివానికిని ఇచ్చుచున్నది. తెలుగులో వ్రాసిన అర్జీయు అర్జీయే.

అయితే ఆ నియమములలో మనవంటివారికి నష్టము కలిగించు లోటులును కలవు. తయారై ఏడేండ్లు దాటని బండ్లకే అవి వర్తించును. అమెరికాలో ఉచితముగా సరిచేయు గడువు పదునైదేండ్లు. క్రొత్త బండి కొని అయిదేండ్లకు అమ్మువాడు ధనవంతుడు. అయిదేండ్ల బండిని కొని పదేండ్లు నడుపువాడు మన మండీలోని సోదరుడు. లోపము మాత్రము బండి వయస్సు చూచి ఆగదు. కనుక ఈ గడువును పెంచవలెనని మేము కోరుచున్నాము. ఇంకొకటి. పిలుపు ఉత్తరము మొదటి కొనుగోలుదారునికి పోయిన చాలదు. చాసిస్ నంబరును బట్టి నేటి యజమానికి పోవలెను. ఆ వివరములు రవాణా శాఖ వద్ద ఉన్నవే గదా. ఎఫ్.సి. కొరకు బండి వచ్చినప్పుడు "నీ బండికి తీరని రీకాల్ ఉన్నది" అని ఒక్క మాట చెప్పుటకు ఎంత ఖర్చగును? ఆ ఉత్తరము ఆంగ్లముతో పాటు ఆ ప్రాంతమున జనులు చదువు భాషలలో ఉండవలెననుట గొంతెమ్మ కోరిక కాదు. బండి అమ్మునప్పుడు గోడలనిండ తెలుగులో ప్రకటనలు వ్రాయించుట తెలిసినవారికి, అపాయము చెప్పునప్పుడు తెలుగు దొరకకపోవుట వింతగా నున్నది.

ఇక బండివాని సంకోచములు. "షోరూమునకు పోయిన వేయి రూపాయల బిల్లు వేయుదురు" అందురు. రీకాల్ పనికి డబ్బు పుచ్చుకొనరాదు. వేరే పని చేయుమని మీరు చెప్పకుండ చేసినచో ఈయనక్కర లేదు. పని మొదలిడకముందే కాగితముపై వ్రాయించుకొనుడు. "రెండు దినములు బండి నిలిచిన కూలి పోవును" అందురు. ఇది నిజమైన బాధ. దీనిని తేలికగా కొట్టివేయువాడు దినకూలి యెరుగనివాడు. ముందుగా ఫోను చేసి, విడిభాగము వచ్చినదో లేదో కనుగొని, సంత లేని దినమున పొండు. నలుగురు కలిసి పోయిన షోరూమువారును వరుస ఏర్పాటు చేయుదురు. "పాతబండికి వెల తగ్గును" అందురు. మరమ్మత్తయినట్లు కాగితమున్న బండి, ఆ కాగితము లేని బండికంటె తప్పక మేలైనది. తెలిసికొన్న కొనుగోలుదారుడు దానికే ఎక్కువ ఇచ్చును.

మరల మా సంగతియే చెప్పవలసియున్నది. మా వద్ద అదే తరహా రెండవ వ్యాను ఉండెడిది. మొదటిది కాలిన మూడవ దినమున ఒక బేరగాడు వచ్చెను. మన కులస్థుడే, మన భాషవాడే, కొత్తగా వ్యాపారము పెట్టుకొన్న కుర్రవాడు. బండి బాగున్నదా అని అడిగెను. బాగున్నదని చెప్పుటకు నోరు తెరచితిమి. ఆ మాట పెదవులవరకు వచ్చినది. అప్పటికి పూర్తిగా నష్టపోయి యున్నాము. ఆ బండి పోయిన కొంత తేరుకొందుము. లోపలినుండి మా తల్లిగారు "ఆ బండినే గదరా నిన్న తాకవద్దంటివి" అనిరి. ఆమెకు మా బేరము తెలియదు. ఆమె మనుమనితో మాటలాడుచుండిరి. కుర్రవానికి సంగతి చెప్పి పంపివేసితిమి. బండిని బాగుచేయించిన పిమ్మట ఆరు నెలలకు అతడే వచ్చి కొన్నాడు, కాగితము చూచి. ఇది గొప్పగా చెప్పుకొనుటకు కాదు. ఎంత దగ్గరగా పోయితిమో చెప్పుటకే. అమ్మివేయుట మేలా అని అడుగువారికి మా సమాధానమిదియే: బాగుచేయించి అమ్ముడు, లేదా చెప్పి అమ్ముడు. చెప్పక అమ్మిన నిప్పు మన వాకిటినుండి ఇంకొకరి వాకిటికి మారును గాని ఆరదు.

ఈ వ్యాసము వేయవద్దని మాకు స్నేహితులైన ఒక బండ్ల వర్తకుడు చెప్పిరి. ఆయన ఈ పత్రికకు ప్రకటనలు ఇచ్చువారు, మన విద్యార్థి నిధికి విరాళమిచ్చినవారు. వ్యాపారము దెబ్బతినునని ఆయన భయము. వర్తకులమైన మాకు ఆ భయము అర్థము కాకపోలేదు. కాని పిలిచి బాగుచేయు వర్తకునికి గిరాకి పోదు. పొగను దాచిన వర్తకునికే పోవును. ఆయన మంచివారు గనుక ఈ వాక్యమును చదివి నొచ్చుకొనక, రేపటినుండి తమ దుకాణములో రీకాల్ పట్టికను తెలుగులో వ్రాయించి తగిలింతురని ఆశించుచున్నాము.

అన్ని నిప్పులకును కంపెనీయే కారణము కాదను సంగతియు మరువరాదు. 2023 ఆగస్టులో మహీంద్రా కంపెనీ 1,08,306 ఎక్స్.యు.వి.700 బండ్లను, ఇంజను గదిలోని తీగలు రాచుకొని తెగు అవకాశమున్నదని పరీక్షకు పిలిచినది. తీగల అమరిక ఎంత సున్నితమైనదో దీనినిబట్టి తెలియును. మరి మనము చేయుచున్నదేమి? సంతలో కొన్న రంగురంగుల దీపములను, పెద్ద హారనులను, పాట పెట్టెలను, తీగ కోసి మెలిత్రిప్పి అతికించుచున్నాము. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగితీగ చుట్టుచున్నాము. ఫ్యూజు పోవుట జబ్బు కాదు, జబ్బును చెప్పు నాడి. కూరగాయల మండీలలో రాత్రి నిలిపిన బండ్లలో ఎలుకలు తీగలు కొరుకుట అందరు ఎరిగినదే. ఉదయము బానెట్టు ఎత్తి చూచువారెందరు? విద్యుత్తు స్కూటర్ల విషయములో ఇంకను జాగ్రత్త కావలెను. 2022 మార్చిలో వేలూరులో ఇంటివద్ద చార్జింగు పెట్టిన స్కూటరు అంటుకొనగా ఒక తండ్రి, ఆయన కుమార్తె పొగకు ఊపిరాడక మరణించిరి. ఆ మరుసటి నెలలోనే పలు కంపెనీలు వేల స్కూటర్లను వెనుకకు పిలిచినవి. రాత్రి పడుకొను గదిలోను, ఇంటి ద్వారమునకు అడ్డముగాను వానిని చార్జింగు పెట్టరాదు.

కనుక మన సోదరులు ఈ క్రింది మాటలను ఇంటిలో అందరకు చదివి వినిపింపవలెను. పెట్రోలు వాసన, కాలిన తీగ వాసన, ఇంజనులో టకటక శబ్దము, వెలిగి ఆరని నూనె దీపము, ఈ నాలుగింటిలో ఏది కనబడినను బండిని ఆపి చూపించుడు. పొగ లేచినచో దారి ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, అందరును దిగి దూరముగా పొండు. సరకు కొరకు వెనుకకు పోవద్దు. బానెట్టును పూర్తిగా ఎత్తవద్దు, గాలి తగిలి మంట పెరుగును. పెట్రోలు మంటపై నీరు పోయవద్దు. 112కు గాని 101కి గాని ఫోను చేయుడు. బండిలో పొడి మంటలార్పు సీసా ఉంచుకొనుడు, దాని గడువు తీరినదేమో ఏటేట చూచుకొనుడు.

చాసిస్ నంబరు పదునేడు అక్షరములు, అంకెలు కలది. అది మీ ఆర్.సి.లో వ్రాసియుండును. వచ్చు ఆదివారము మొదలు నాలుగు ఆదివారములు ఉదయము పది గంటలనుండి మన సంఘ భవనములో ఇద్దరు యువకులు కూర్చుండి, ఎవరు తెచ్చిన నంబరునైనను కంపెనీల పట్టికలలో చూచి, తెలుగులో విషయము చెప్పుదురు. ఫిర్యాదు పంపవలసినచో వ్రాసి పెట్టుదురు. రుసుము లేదు. సభ్యులు కానివారును రావచ్చును. మన పొరుగున ఉన్న అరవవారు, కన్నడిగులు వచ్చినను కాదనము. నిప్పు భాష నడిగి అంటుకొనదు. ఇతర ఊళ్లలోని శాఖలవారును ఇట్టి ఏర్పాటు చేయ ప్రార్థించుచున్నాము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన పెద్దలు నవ్విన పని. మా చేతులు ఒకమారు కాలినవి. మీవి కాలకుండుటకే ఇంత వ్రాసితిమి. ఈ పత్రిక మడిచి ప్రక్కన పెట్టకముందు లేచి పోయి మీ ఆర్.సి. ఎచ్చట నున్నదో వెదకుడు.